కొత్త బ్యాటరీ వేసినా లైట్లు డల్ అవుతున్నాయి, డైనమో పోయినట్టేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది 2013 డీజిల్ కారు. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు వారానికి రెండుసార్లు వెళ్లొస్తుంటాను. రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు కలిసి నడిస్తే లైట్ల వెలుగు పడిపోతోంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతోంది. మొన్న నవంబర్‌లో కొత్త బ్యాటరీ వేయించాను, అయినా అదే వరస. మెకానిక్ మీటర్ పెట్టి, ఇంజన్ నడుస్తుంటే 13.1 వోల్టులే వస్తోంది, డైనమో మార్చాలి, పదకొండు వేలవుతుంది అన్నాడు. 12 వోల్టుల బ్యాటరీకి 13.1 చాలదా? డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు కూడా వెలగడం లేదు. కాస్త చెప్పండి.

జవాబు

తమ్ముడూ, ఆ పదకొండు వేలు జేబులోంచి తీయకముందే మూడు కొలతలు తీసుకో. ముందు సంగతి అర్థమైతే కొలతలు వాటంతటవే అర్థమవుతాయి.

12 అనేది పిలవడానికి పెట్టుకున్న పేరు. లోపల ఆరు సెల్స్ ఉంటాయి. బ్యాటరీ నిండుగా ఉండి, కొన్ని గంటలు వాడకుండా వదిలేస్తే 12.6, 12.7 చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. దానిలోకి కరెంటు ఎక్కాలంటే అంతకంటే ఎత్తునుంచి దిగాలి, మేడ మీద ట్యాంకు నుంచి నీళ్లు దిగినట్టు. అందుకే ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. 13.1 అంటే ట్యాంకు కుళాయి కంటే జానెడు ఎత్తులోనే ఉన్నట్టు. నీ బ్యాటరీ నెలల తరబడి అర్ధాకలితో ఉంది.

ఇంజన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించే, మనం డైనమో అంటున్నది నిజానికి ఆల్టర్నేటర్. పాత అంబాసిడర్ల నాటి పేరు నోట్లో ఉండిపోయింది. అందులో తిరిగే రోటర్ తీగ చుట్టిన కాయిల్. రెండు కార్బన్ బ్రష్‌ల ద్వారా కరెంటు ఇస్తేనే అది గట్టి అయస్కాంతంగా పనిచేస్తుంది. మన ఎలక్ట్రీషియన్లు కటౌట్ అనే రెగ్యులేటర్ పనంతా ఇక్కడే. రోటర్‌కు వెళ్లే ఆ కొద్దిపాటి కరెంటును చకచకా వేస్తూ తీస్తూ ఉంటుంది. ఇంజన్ స్పీడు పెరిగితే వేసి ఉంచే సమయం తగ్గిస్తుంది. హెడ్‌లైట్లు వేయగానే వోల్టేజీ కుంగితే ఆ సమయం పెంచుతుంది. బయటికొచ్చే పెద్ద కరెంటు జోలికి అసలు వెళ్లదు.

ఇంకో మాట. వేడెక్కిన బ్యాటరీకి 14.5 కూడా ఎక్కువే, లోపల నీరు ఆవిరైపోతుంది. అందుకే చాలా రెగ్యులేటర్లు వేడి పెరిగేకొద్దీ వోల్టేజీని కాస్త దించుతాయి. డిసెంబర్ పొద్దున 14.5 చూపించిన బండి మే నెల మధ్యాహ్నం 13.9 చూపిస్తే కంగారు పడకండి. 15 దాటితే మాత్రం వదలొద్దు. బ్యాటరీ ఉడుకుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, బల్బులు మాటిమాటికీ పోతాయి.

ఇప్పుడు అసలు మెలిక. చాలా బళ్లలో రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ వెనకాలే బిగించి ఉంటుంది. తన దగ్గరున్న వోల్టేజీనే చూస్తుంది. అక్కడ 14.3 ఉంటే తన పని అయిపోయిందనుకుంటుంది. దారిలో, అంటే మధ్యనున్న వైర్లలో, ఎంత పోయిందో, బ్యాటరీకి ఎంత చేరిందో దానికి తెలియదు. నీ డ్యాష్‌బోర్డులో లైటు వెలగకపోవడం చూస్తే నాకు అనుమానం దారి మీదే.

ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, రేస్ కొంచెం పట్టి ఉంచమను. ఒకటి: బ్యాటరీ రెండు పోల్స్ మధ్య. మీటర్ కడ్డీ క్లాంప్ మీద కాకుండా సీసపు పోల్ మీదే ఆనించు. రెండు: ఆల్టర్నేటర్ వెనక లావు వైరు నట్టుకీ, బ్యాటరీ ప్లస్ పోల్‌కీ మధ్య. మూడు: ఆల్టర్నేటర్ బాడీ మీద మసి లేని లోహానికీ, బ్యాటరీ మైనస్ పోల్‌కీ మధ్య. చివరి రెండూ ఒక్కొక్కటి 0.2 వోల్టు లోపే ఉండాలి. ఆ లావు వైరు నట్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. బెల్టు, ఫ్యాన్ దగ్గర చేతులు జాగ్రత్త.

మరో సభ్యుడు

ఇంత తతంగం ఎందుకన్నా? ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకేస్తే సరి. బండి ఆగకపోతే డైనమో మంచిదే.

జవాబు

దయచేసి ఎవరూ అలా చేయకండి. కరెంటు తాగుతున్న బ్యాటరీని ఒక్కసారిగా తీసేస్తే రోటర్‌లోని అయస్కాంత శక్తి ఆ క్షణంలోనే చావదు. రెగ్యులేటర్ తేరుకునేలోపు వోల్టేజీ పదుల్లోకి ఎగురుతుంది. డైనమో రోజుల్లో ఆ దెబ్బకు పాడయ్యే కంప్యూటర్ బండిలో లేదు కాబట్టి ఆ అలవాటు చెల్లింది. ఇప్పుడు అదే పని చేస్తే ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, ఈ రోజు చూశాను. బ్యాటరీ దగ్గర 13.1. ప్లస్ వైపు 0.14. ఆల్టర్నేటర్ బాడీకీ మైనస్‌కీ మధ్య 1.06. రెండుసార్లు చూశాను, అంతే.

జవాబు

దొరికింది! మూడూ కలుపు: 14.3. ఆల్టర్నేటర్ దగ్గర అంత పుడుతోందన్నమాట. నీ డైనమో నిక్షేపంగా ఉంది. ఒక వోల్టు ఎర్త్ దారిలో, అంటే ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారిలో, కాలిపోతోంది. బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ చూడు. సెల్ఫ్ మోటార్ కరెంటు కూడా ఆ దారినే తిరిగి రావాలి, అందుకే అది కూడా బరువుగా తిరుగుతోంది. ఇంజన్ ఆపి, ముందు మైనస్ టర్మినల్ విప్పు. పట్టీ రెండు చివర్లూ, అది కూర్చునే చోటూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించు. తర్వాత పైన వాజలైన్ రాయి.

ప్రశ్న అడిగినవారు

పట్టీ విప్పితే గేర్‌బాక్స్ వైపు చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. అల్లిక పోగులు సగం తెగి చేతికే వచ్చాయి. రెండొందల యాభై పెట్టి కొత్తది వేశాను. ఇప్పుడు అన్ని లైట్లూ వేస్తే 14.1! సెల్ఫ్ ఒక్క తాకిడికే అందుకుంది. చాలా థాంక్స్ అన్నా.

ఇంకో సభ్యురాలు

నాది కొత్త పెట్రోల్ కారు. హైవే మీద 12.8 చూపిస్తోంది, బ్రేక్ వేసినప్పుడు 14.7 అవుతోంది. ఇది కూడా ఎర్త్ సమస్యేనా అండీ?

జవాబు

కాకపోవచ్చమ్మా. కొత్త బళ్లు చాలావాటిలో ఎంత వోల్టేజీ ఉండాలో ఇంజన్ కంప్యూటరే చెబుతుంది. బ్యాటరీ నిండితే డీజిల్, పెట్రోల్ ఆదా కోసం చార్జింగ్ తగ్గించి, కాలు తీసినప్పుడూ బ్రేక్ వేసినప్పుడూ పెంచుతుంది. మైనస్ టర్మినల్ మీద చిన్న నల్లటి సెన్సర్ ఉందేమో చూడండి. ఉంటే అదనపు ఫిట్టింగుల ఎర్త్ నేరుగా ఆ పోల్‌కు కాకుండా బాడీకి ఇవ్వండి, లేకపోతే కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

తమ్ముడూ, నీ బ్యాటరీని ఆల్టర్నేటర్ మీదే వదిలేయకు. విప్పి, దాని మీద రాసిన ఆంపియర్-అవర్ల (Ah) అంకెలో పదో వంతు ఆంపియర్ల కరెంటుతో రాత్రంతా చార్జర్ మీద పెట్టించు, గాలి ఆడే చోట. పూర్తయ్యాక ఒక పూట వదిలేసి కొలువు. 12.6 నిలిస్తే దానితోనే కానిచ్చేయ్. 12.3కి జారితే వారంటీ కార్డు పట్టుకుని షాపుకు వెళ్లు.