‘దాకొని’యా, ‘తాకొని’యా? ఓడకొయ్య కింది కాసు తెచ్చిన సందేహం

తిరుచానూరు కోడలు
అందరికీ నమస్కారం. మా అల్లుడు విశాఖలో ఓడలు కట్టేచోట పని చేస్తాడు. ఓడకు కొయ్య, అంటే తెరచాపలు కట్టే నిలువు స్తంభం, నిలిపేటప్పుడు దాని మొదలు దిగేచోట నాణెం పెట్టి మూసేయడం వాళ్ళకు ఆనవాయితీ అట. ఇప్పుడు కొయ్య ఉక్కుదైనా ఆ పద్ధతి మాత్రం పోలేదట. ఈసారి పెట్టేవాటిలో తిరుపతి నుంచి ఒకటి ఉంటే బాగుంటుందని నన్నడిగాడు. మా అమ్మ పసుపు డబ్బాలో దాచుకున్న 1944 నాటి చిల్లుకానీ ఒకటుంది, అది తీసిపెట్టాను.

మా అత్తగారు అడ్డం చెప్పారు. “సొమ్ము దాచినచోట ఉండదని అన్నమయ్యే అన్నాడు గదమ్మా, అట్లాంటిదాన్ని తీసుకుపోయి పూడ్చిపెట్టడమేంది?” అని ఈ ముక్క పాడారు:

...లై మాడలై రువ్వలై తిరిగీని
దాకొని వున్నచోట తానుండ దదివో

మొదటి మాట ఆమెకు గుర్తు రాలేదు, నాకూ రాలేదు. అంతకంటే ముఖ్యంగా నాకు కావలసింది ‘దాకొని’. దాచిపెట్టిన చోట అనేనా అర్థం? శుక్రవారం లోపల పార్సెల్ కట్టాలి. పెద్దావిడ మనసు కష్టపెట్టి పంపలేను.

సరళాదేశం
మొదటి మాట ‘రూకలై’. అది తేలిక, గట్టిది రెండోదే.

‘దాకొని’ అనగానే దాక్కొని అనుకుంటాం. తొందరపడకూడదు. ముందున్న ‘తిరిగీని’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. ద్రుతం మీద పరుషం (క చ ట త ప) సరళమవుతుంది (గ జ డ ద బ). కాబట్టి ఆ ‘దా’ అసలు ‘తా’ అయ్యుండే వీలుంది. తాకొని అంటే తగిలి, అంటుకొని. సొమ్ము ఎవరిని అంటిపెట్టుకుందో వాళ్ళ దగ్గరే ఉండిపోదు అని భావం. అప్పుడు దాచడం ప్రసక్తే లేదు, మీ అత్తగారి అభ్యంతరమూ నిలవదు. అదే పాదంలో ‘రువ్వలై తిరిగీని’ చూడండి. ‘ఐ’ కళ, అంటే చివర ద్రుతం లేని మాట, కనుక అక్కడ ‘త’ మారలేదు. వాగ్గేయకారుడు వ్యాకరణం ఎరిగి వేసిన అడుగు అది.

కపిలతీర్థం
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మీ లెక్కే పట్టుకుంటే ‘చోట’ మీద కూడా సరళాదేశం రావాలి. ‘వున్నచోట దానుండ దదివో’ అని ఉండాలి. నేను విన్న ప్రతిసారీ ‘తానుండ’ అనే విన్నాను. ఒకచోట సంధి చేసి, అదే పాదంలో మానేస్తాడా?

నాకు ‘దాకొని’ అంటే దాగుకొని, అంతే. ప్రాస చూడండి: రూక, దాక. పైపాదం రెండో అక్షరం ‘క’ కనుక కింద కూడా ‘క’ కావాలి. దాగొని అంటే ప్రాస చెడుతుంది. అందుకే ‘కొ’. ఈ రోజు మనం దాక్కొని అంటున్నదీ అదే మాట.

ఇంకో సంగతి. ఈ పాటలో సొమ్మును ఎవరో దాచడం లేదు, అదే దాక్కుంటోంది. దాగుడుమూతలాడే పిల్లలాగా. వెతికి పట్టుకునే లోపల ఇంకోచోట ఉంటుంది. చరణంలో ఒకరిని రాజును చేసి, ఒకరిని బంటును చేసి, ఒకచోటి ధాన్యాన్ని ఇంకోచోట వేయించేదీ అదే. కర్త ఎప్పుడూ సొమ్మే, మనిషి కాదు. అన్నమయ్య డబ్బును తిట్టడానికి ఈ పాట కట్టలేదని నా నమ్మకం. దాని నడక చూసి ఆశ్చర్యపోయాడు. కొండకు వచ్చే రాజుల కానుకలు, పేదవాళ్ళ కాసులు ఒకే కొప్పెరలో, అంటే హుండీలో, పడటం చూసినవాడికే ‘రూకలై మాడలై రువ్వలై’ అని పెద్దదీ చిన్నదీ ఒక్క ఊపిరిలో అనడం వస్తుంది.

పులిచెర్ల అబ్బోడు
అక్కా, నేను చదువుకున్నోణ్ణి కాను గానీ ఒక మాట. మా పక్క ‘రువ్వేది’ అంటే విసిరేది. రాయి రువ్వినాడు అంటాం. రువ్వలై తిరిగీని అంటే విసిరేసినట్టు తిరగతా ఉండాది అని నేను అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ. నాణెమా అది?

సరళాదేశం
నాణెమే నాయనా, చిన్నది. రూక, మాడ, రువ్వ మూడూ నాణేలే. మాడ అర వరహా. అయితే నీ చెవికి ‘రువ్వు’ వినిపించిందంటే ఆ శబ్దం అక్కడ ఊరికే పడలేదని నేనూ ఒప్పుకుంటాను.

కపిలతీర్థం గారి ‘చోట’ గురించి: పాడేవాళ్ళ నోట్లో ‘దా’ ‘తా’ ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. సుమతి పద్యం తీసుకోండి. ‘సిరి తా వచ్చిన వచ్చును’ అని కొందరు, ‘సిరి దా వచ్చిన’ అని కొందరు. రెండూ బడిలోనే నేర్పారు. కొబ్బరికాయలోకి నీళ్ళు వచ్చినట్టు వచ్చి, ఏనుగు మింగిన వెలగపండులా పోయే సిరి అది. భావం కూడా మన పాటకు దగ్గరే.

కాసులపేరు
అందరూ సంధి దగ్గరే ఆగారు, ఓడ దగ్గరికి ఎవరూ రాలేదు. నాకు పాత నాణేల పిచ్చి, అందుకని చెబుతున్నా.

1962లో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున, బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర, రోమనుల కాలపు ఓడ ఒకటి బయటపడింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో కట్టినది. అందులో కొయ్య మొదలు దిగే గాడిలో ఒక కంచు నాణెం దొరికింది. డొమిషియన్ చక్రవర్తిది, క్రీ.శ. 88-89లో ముద్రించింది. అంటే ఓడ కట్టేనాటికే అది చేతులు మారి మారి అరిగిన పాత నాణెం. కొత్తది దొరక్క కాదు, కావాలని ఏరి పెట్టినట్టుంది. ఎందుకంటే దాని వెనకవైపు అదృష్టదేవత ఫార్చునా ఉంది, చేతిలో చుక్కాని పట్టుకుని. ఆ బొమ్మ పైకి వచ్చేలా పెట్టారు. కొయ్య బరువంతా ఆ చుక్కాని పట్టిన తల్లి మీదే.

ఆ కాసు, చచ్చినవాళ్ళను వైతరణిలాంటి నది దాటించేవాడికి ఇచ్చే కూలి అని కొందరు చెబుతారు, ఓడ మునిగితే అందరి తరఫునా చెల్లినట్టు అని. చనిపోయినవాళ్ళ నోట్లో కాసు పెట్టే అలవాటు గ్రీకులకూ ఉండేది కనుక అలా ముడిపెట్టారు. ఆ చుక్కాని చూశాక నాకు అది నమ్మబుద్ధి కాదు. చావుకు సిద్ధపడేవాడు చుక్కాని ఉన్న బొమ్మను వెతుక్కోడు. అక్కా, ఈ రెండో కథ మాత్రం మీ అత్తగారి దగ్గర ఎత్తకండి.

ఇంకొక్కటి. సరిగ్గా ఆ 2వ శతాబ్దంలోనే మన శాతవాహనులు, ముఖ్యంగా యజ్ఞశ్రీ శాతకర్ణి, రెండు కొయ్యల ఓడను నాణెం మీద ముద్రించారు. సీసం నాణేలు, మన తూర్పు తీరంలో దొరికాయి. అక్కడ ఓడలో కాసు, ఇక్కడ కాసులో ఓడ. అరిగిపోయిన బిళ్ళ మీద కూడా ఆ రెండు కొయ్యలు నిటారుగా కనిపిస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

సరళాదేశం
చాలా మంచి సంగతి చెప్పావమ్మా. కొయ్యకు అమరకోశంలో ఉన్న మాట కూడా గుర్తు చేసుకుందాం: ‘కూపకో గుణవృక్షకః’. గుణమంటే తాడు. తాళ్ళు కట్టిన చెట్టు. ఓడ మధ్యలో ఒక చెట్టు మొలిచినట్టు చూశాడు అమరసింహుడు. చెట్టన్నాక వేరు ఉండాలి. ఆ కాసే వేరనుకుంటే?

పులిచెర్ల అబ్బోడు
ఇది మనకు కొత్తేం కాదు మాస్టారూ. మా ఊరి గుడికి ధ్వజస్తంభం ఎత్తినప్పుడు గుంతలో నవధాన్యాలు పోసినాక ఊరంతా చిల్లర వేసింది. వెండి తునకలు, ముక్కుపుడకలు వేసినోళ్ళూ ఉండారు. మా అవ్వ కొంగు ముడిలో ఉన్న పది రూపాయల బిళ్ళ వేసింది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. “అవ్వా, మళ్ళీ తీసుకుంటామా?” అన్న్యా. “యాడ తీసేదిరా, అది కంబం కాళ్ళు” అనింది. ఇప్పుడు గుడికి పోయినా నేను గాలిగోపురం చూడను, కంబం మొదలే చూస్తా.

ఇంటికి ద్వారబంధం ఎత్తేటప్పుడు గడప కింద పెట్టేదీ అంతే గదా.

తిరుచానూరు కోడలు
కంబం కాళ్ళు! ఈ మాట మా అత్తగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “గుడి కదలదు, ఓడ కదులుతుంది. రెండూ ఒకటెట్లా అవుతాయి?” అన్నారు.

కపిలతీర్థం
ఆవిడ అడిగింది అసలైన ప్రశ్న. పాటలో సొమ్ముకు రెండు గుణాలు: తిరగడం, దాగినచోట ఉండకపోవడం. గడప కింద కాసు ఈ రెండింటికీ దూరం. దాన్ని మనం చెలామణి నుంచి తీసేశాం, అది ఇక సొమ్ము కాదు. ముడుపు కట్టిన రూపాయితో పాలు కొనం చూడండి, అలాగ. రూకగా ఉన్నంతకాలమే దానికి తిరుగుడు.

సరళాదేశం
అంటే ‘తాను’ అన్న సర్వనామం నాణేనికి కాదు, నాణెంలో ఉన్న సిరికి అంటారా? అలాగైతే ‘దాకొని’కి కూడా కర్త సిరే. నాణెం దాగదు, నాణెంలో సిరి దాగుతుంది. ఇది నాకు తోచలేదు. అయినా ‘తాకొని’ని మాత్రం వదలను.

కపిలతీర్థం
వదలాలి. ‘తాకొని’ అన్న రూపం మీకు ఇంకెక్కడైనా తగిలిందా? తాకి అంటారు, తాకుకొని అంటారు. పైగా తాఁకులో అరసున్న ఉంది, రూకలో లేదు. ప్రాసకు పొసగుతుందా?

సరళాదేశం
దాఁగులోనూ ఉంది అరసున్న! ఆ కత్తికి రెండు వైపులా పదునే.

కాసులపేరు
అక్కా, చిల్లుకానీ అని రాశారు. ‘చిల్లికానీకి కొరగాడు’ అన్న తిట్టు ఉంది కదా, దాన్ని శుభానికి పంపొచ్చా అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఆ చిల్లు 1943 నుంచి 1947 వరకు వచ్చిన కానీల్లో ఉంటుంది. మీదానికి ఎనభై ఏళ్ళు. ఆ రోమను నాణెంలాగా అదీ ఎన్నో చేతులు చూసి వచ్చిందే. మీ అమ్మగారు డబ్బాలో వేశాకే ఆగింది.

తిరుచానూరు కోడలు
ఈ రోజు పొద్దున పద్మావతమ్మ గుడి నుంచి వచ్చి మా అత్తగారే కానీని పసుపు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. “ఓడ తిరిగినన్నాళ్ళు ఇదీ తిరుగుతుందిలే. తిరిగేదాన్ని తిరిగేచోటే పెడుతున్నాం” అన్నారు. పార్సెల్ ఇచ్చేసి వచ్చాను. అల్లుడికి ఫోన్ చేసి ఏ వైపు పైకి పెట్టాలో అడిగారు కూడా. రాజు తల బొమ్మ లేదు కదా, సంవత్సరం ఉన్న వైపు పెడతానన్నాడు.

అందరికీ కృతజ్ఞతలు. ‘దాకొని’ మాత్రం నాకింకా తెలియలేదు.

కపిలతీర్థం
అమ్మా, పెద్దావిడకు నా నమస్కారాలు చెప్పండి. మాస్టారూ, ఇక అన్నమయ్య పాటలు చెక్కిన రేకు చూడటమే మిగిలింది. రాగి రేకు మీద ఆ అక్షరం ‘దా’ అనే ఉందో, అచ్చులోకి ఎక్కేటప్పుడు మారిందో.

సరళాదేశం
‘దా’ అనే ఉంటుంది. ఉన్నా నా వాదానికి నష్టం లేదు, సంధి జరిగాకే కదా చెక్కుతారు. మీరు ‘చోట’ సంగతి తేల్చండి ముందు. ఆ ‘తానుండ’ రేకులో ‘దానుండ’ అయితే?

పులిచెర్ల అబ్బోడు
మాస్టారూ, మా అవ్వనడిగినా. దాక్కున్నోణ్ణి ‘దాకోనుండాడు’ అంటాం, ఒక్క క తోనే అనింది.