అప్‌డేట్: విడాకులు, ఇద్దరి పేరు మీదున్న హోమ్ లోన్

ఇల్లు తనే ఉంచుకుని వాయిదాలన్నీ కడతానని మా ఆయన అంటున్నారు, ఆ మాట ఒప్పందంలో రాసుకుంటే చాలా అని అడిగాను కదా. చాలదని మీరన్నారు. లాయర్ కూడా అదే చెప్పారు.

ఆ ఒప్పందం మా ఇద్దరి మధ్యే, బ్యాంకుకు దాంతో సంబంధం లేదు. ఆయన కట్టడం ఆపేస్తే నన్నే అడుగుతారు, నా క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. అందుకే లోన్ ఆయన ఒక్కరి పేరుకి మారాకే ఇంట్లో నా వాటా వదులుకుంటానని పట్టుబట్టాను. ఆయన ఆదాయం చూసి బ్యాంకు ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది పంచుకోవాలి. దానికి గడువు కూడా రాయించాను. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఆ గడువే, లేకపోతే ఏళ్ల తరబడి సాగుతుంది.

ఉమ్మడి ఖాతా మూసేశాం.

నామినీ గురించి గుర్తు చేసినవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. నా ఇన్సూరెన్స్‌లో అప్పటికీ ఆయన పేరే ఉంది! విడాకులు వచ్చినంత మాత్రాన అది దానంతటదే మారుతుందని అనుకోకూడదు. కేసు నడుస్తుండగా మార్చనివ్వని చోట్లూ ఉంటాయి కాబట్టి లాయర్‌ని అడిగాకే మార్చాను.

పిల్లల చదువు, వైద్యం ఖర్చులు ఎవరెంత భరించాలన్నది ఇంకా తేలలేదు. ఇప్పుడు నా టెన్షనంతా దాని గురించే. వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం.