పల్లి చేనుకు ఎవరితో ఎక్కువ నష్టం: నెమళ్లా, కోతులా?

పల్లిచేను:
మాది వనపర్తి దగ్గర ఊరు. యాసంగికి ఎకరన్నర పల్లి వేశాను. విత్తిన మూడో రోజు పొద్దున్నే పోయి చూస్తే సాలు వెంబడి చిన్న చిన్న గుంతలు, గింజ లేదు. నెమళ్ల పని. నిరుడేమో కాయ పట్టాక కోతులు పడ్డాయి. కూలి ఇచ్చి కావలి ఒక్క నెలే పెట్టగలను. ఇప్పుడు పెట్టాలా, అప్పుడా?

మెట్టపొలం:
తమ్ముడూ, కోతుల కోసం దాచు ఆ డబ్బు. నెమలి టైం ప్రకారం వస్తుంది: తెల్లారగానే, మళ్లీ పొద్దు గూకే ముందు. ఎండెక్కితే నీడకు పోతుంది. మొలక నిలదొక్కుకునే దాకా ఆ రెండు పూటలా నువ్వుంటే చాలు.

కోతికి టైం లేదు. మొక్క పీకుతుంది, రెండు కాయలు ఒలుస్తుంది, లేత గింజైతే పారేసి పక్క మొక్క పడుతుంది. దవడ సంచుల్లో కుక్కుకుని గట్టు మీద తీరిగ్గా నములుతుంది. మా చేలో ఒక ముసలి మగకోతి, నేను సద్ది విప్పే దాకా చూసి గుంపును దింపేది. నా పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ భుజమ్మీద ఐదో రోజుకే ఎక్కి కూర్చుంది.

గట్టుమీద:
నెమలి నేల మీద నాలుగైదు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. కుక్కలు, ముంగిసలు మిగిల్చినవే పిల్లలు. కోతికి కాన్పుకు ఒక్కటే పిల్ల, కానీ తల్లి పొట్టకు కరుచుకునే ఉంటుంది. పైగా గుడి దగ్గర అరటిపండ్లు పెట్టేది మనమే కదా!

ఇంకోటి, నెమలి పురుగుల్నీ ఏరుకు తింటుంది. కోతి కూడా మిడతో సాలీడో దొరికితే వదలదు గానీ, దాని వల్ల చేనుకు ఒరిగేదేమీ లేదు.

మెట్టపొలం:
ఎవరి మాటా విని గింజకు మందు కలిపి చల్లకు. నెమలి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు.

పల్లిచేను:
మందు జోలికి పోను అన్నా. ఇవాళ సాయంత్రం పోయాను. మూడు ఆడవి, పింఛం రాలి మొండిగా ఉన్న మగది ఒకటి. స్టీలు పళ్లెం కొడితే గట్టు దాటి పోయాయి. గుంతలు పడ్డ సాళ్లలో రేపు మళ్లీ గింజ పెడుతున్నా.