క్రాస్ కంపైల్ చేయాలా, బోర్డు మీదే బిల్డ్ చేయాలా?

కొత్తబిల్డర్:
నా ఎక్స్86 లాప్‌టాప్ మీద 64 బిట్ ఆర్మ్ బోర్డు కోసం ఒక సీ ప్రోగ్రామ్ క్రాస్ కంపైల్ చేశాను, అంటే బోర్డు ప్రాసెసర్ మీద నడవాల్సిన ఫైల్‌ను లాప్‌టాప్‌లోనే తయారు చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు. బోర్డు మీద రన్ చేస్తే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటోంది. ఫైల్ కళ్లెదుటే ఉంది, పర్మిషన్లూ ఉన్నాయి. రెండు రోజులుగా ఇదే టెన్షన్. బోర్డు మీదే కంపైలర్ పెట్టుకోవడం మేలా?

పాతలింకర్:
మేలే, నేను ఎప్పటినుంచో చెప్తున్నది అదే. క్రాస్ కంపైల్‌లో సిస్‌రూట్ (బోర్డు లైబ్రరీలు, హెడర్లు ఉండే ఫోల్డర్) సరిగ్గా పెట్టకపోయినా, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ప్యాకేజ్‌కాన్ఫిగ్ లాప్‌టాప్ దారి చూపించినా తప్పుడు ఫైళ్లు వచ్చి చేరతాయి. లైబ్రరీ వేరే ప్రాసెసర్‌ది అయితే 'స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్' అని లింకరైనా చెప్తుంది. హెడర్లు తారుమారైతే చాలాసార్లు ఎవరూ చెప్పరు.

రాత్రిపాళీ:
అన్నా, ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకొకటి. లేదన్నది ప్రోగ్రామ్ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన డైనమిక్ లోడర్. కొత్తబిల్డర్ గారూ, బైనరీ లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌ను ఎల్ ఆప్షన్‌తో నడిపి, లోడర్ పేరుండే ఇంటర్‌ప్రెటర్ లైన్ చూడండి. ఆ పేరున్న ఫైల్ బోర్డు మీద ఉందా?

సున్నాఒకటి:
లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్ సెట్ చేసి చూడండి.

రాత్రిపాళీ:
ఆ వేరియబుల్‌ని చదివేదే లోడర్. అదే లేనప్పుడు ఎవరు చదువుతారు?

సున్నాఒకటి:
నాకు ప్రతిసారీ దాంతోనే పోయింది.

పాతలింకర్:
మేం ఒక లైబ్రరీని ఇలాగే క్రాస్ కంపైల్ చేసి, ఆర్మ్‌ను లాప్‌టాప్ మీదే అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో టెస్టులన్నీ పాసయ్యాయని పంపాం. అసలు ఆర్మ్ చిప్ మీద అప్పుడప్పుడూ డేటా పాడయ్యేది. రెండు థ్రెడ్లు చూసే ఒక ఫ్లాగ్‌ను అటామిక్ (థ్రెడ్లు సురక్షితంగా పంచుకునేది) చేయకుండా మామూలు వేరియబుల్‌గా వదిలేశారు. ఎక్స్86లో ఒక కోర్ చేసిన స్టోర్లు మిగతా కోర్లకు అదే వరసలో కనిపిస్తాయి, ఆర్మ్‌లో ఆ హామీ లేదు, కాబట్టి ఎక్స్86 మీద నడిచే ఎమ్యులేటర్‌లో అది బయటపడలేదు. మూడు నెలలు మాటలు పడింది నేను.

రాత్రిపాళీ:
అది కోడ్ తప్పు. బోర్డు మీద బిల్డ్ చేసినా అదే కోడ్, అదే తప్పు. నా సంగతి వినండి. 1 జీబీ మెమరీ ఉన్న బోర్డు మీదే పెద్ద సీ++ ప్రాజెక్ట్ బిల్డ్ చేయాలని పట్టుబట్టారు. రాత్రంతా కూర్చుంటే, చివర్లో మెమరీ చాలక కెర్నల్ లింకర్‌ను ఆపేసేది, తెల్లారేసరికి తెర మీద 'కిల్డ్' అన్న ఒక్క మాట. ఆలస్యం మాత్రం నా వల్లేనన్నారు.

పాతలింకర్:
స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టుకోవాల్సింది.

రాత్రిపాళీ:
పెట్టలేదని ఎవరన్నారు? మెమరీ కార్డు మీద స్వాప్ ఎలా నడుస్తుందో మీకు తెలియదా? ఏం జరిగిందో అడగకుండా తీర్పులు ఇవ్వకండి.

పాతలింకర్:
తీర్పు కాదు తమ్ముడూ. క్రాస్ కంపైల్ చేసే టీముల్లో నేను చూసింది చెప్తున్నా. బైనరీ తయారైతే పని అయిపోయిందనుకుంటారు, బోర్డు ఎవరి టేబుల్ మీదా ఉండదు. బోర్డు మీదే బిల్డ్ చేస్తే కనీసం 'మేక్ చెక్' టెస్టులైనా అక్కడే నడుస్తాయి. నా గొడవ దాని కోసం. కంపైలర్ ఎక్కడుంటే నాకేంటి?

రాత్రిపాళీ:
ఈ మాట మొదటి పోస్టులోనే అని ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. బిల్డ్ లాప్‌టాప్ మీద, టెస్ట్ అసలు బోర్డు మీద. దీనికి నేనెప్పుడు కాదన్నాను?

పాతలింకర్:
డెడ్‌లైన్ దగ్గర పడితే ముందు ఎగిరిపోయేది ఆ రెండోదే.

కొత్తబిల్డర్:
ఇంటర్‌ప్రెటర్ చూశాను. నా బైనరీ జీలిబ్‌సీ లోడర్‌ను అడుగుతోంది, బోర్డు మీద ఉన్నది మసల్, రెండూ వేర్వేరు సీ లైబ్రరీలు. మసల్ టూల్‌చెయిన్‌తో మళ్లీ బిల్డ్ చేస్తే నడిచింది, చాలా థ్యాంక్స్. కానీ ఇప్పుడు ఇన్‌పుట్ ఫైల్ చదివే లూప్ ఆగడం లేదు. లాప్‌టాప్ మీద చక్కగా ఆగుతోంది.

సున్నాఒకటి:
ఇప్పుడైనా లైబ్రరీ పాత్ చూడండి.

రాత్రిపాళీ:
ఫైల్ నుంచి ఒక్కో అక్షరం చదివే గెట్‌సీ ఇచ్చే విలువను చార్‌లో పెడుతున్నారా? ఆర్మ్ లినక్స్‌లో చార్ మామూలుగా అన్‌సైన్డ్ (మైనస్ విలువలు పట్టనిది), ఎక్స్86లో సైన్డ్. ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అంటే -1, అది అన్‌సైన్డ్ చార్‌లో పడితే 255 అయిపోతుంది, ఇక పోలిక ఎప్పటికీ కుదరదు. ఇంట్‌గా మార్చండి. కంపైలర్ ఫ్లాగ్‌తో చార్‌ను సైన్డ్ చేసి కప్పెట్టొద్దు.

పాతలింకర్:
లాప్‌టాప్ మీద ఎన్ని టెస్టులు రాస్తే ఇది దొరికేది?

రాత్రిపాళీ:
క్యూఈఎంయూలో దొరికేది. చార్ సైన్డా కాదా అన్నది కంపైల్ చేసేటప్పుడే ఖాయమైపోతుంది.

పాతలింకర్:
నాది దొరకలేదుగా.