వీల్‌చైర్‌తో పీజీలో చేరబోతున్న తమ్ముడు: క్యాంపస్‌లో ఎవరిని, ఏం అడగాలి?

ప్రశ్న (ఒక అక్క)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటొచ్చింది, వికలాంగుల కోటాలో. వాడికి మస్క్యులర్ డిస్ట్రోఫీ, కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు. సదరం సర్టిఫికెట్లో వైకల్యం 75 శాతం అని ఇచ్చారు. ఇంట్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, బయటికెళ్తే వీల్‌చైరే. ఒక పేజీ రాసేసరికి వేళ్లు పట్టు తప్పుతాయి. డిగ్రీ మా ఊళ్లోనే చదివాడు. నాన్న బండి మీద దింపితే స్నేహితులు ఎత్తుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. అలా మూడేళ్లూ గడిచిపోయాయి.

మొన్న వెళ్లి క్యాంపస్ చూసొచ్చాం. డిపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. హాస్టల్ ముందు ర్యాంపైతే ఉంది. నాన్న కుర్చీ తోస్తుంటే సగం ఎక్కాక ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆఫీసులో అడిగితే "ముందు చేరండమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. అమ్మకి టెన్షన్ పట్టుకుంది, ఇంట్లోనే ఉండి దూరవిద్యలో చదవమంటోంది. చేరడానికి ఇంకా పన్నెండు రోజుల టైముంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (వీల్‌చైర్‌లోనే పీజీ చేసినవాడిని)

అక్కా, లిఫ్టు అడగండి. కానీ లిఫ్టు వచ్చేదాకా ఆగకండి. లిఫ్టంటే ఎస్టిమేట్, బడ్జెట్, టెండరు అని ఫైలు తిరుగుతూనే ఉంటుంది. నేను చేరినప్పుడు "వచ్చే ఏడాదికి వచ్చేస్తుంది" అన్న లిఫ్టు, నేను సర్టిఫికెట్లు తీసుకునే రోజుకి ఒక గుంత, చుట్టూ రేకులు. క్లాసు కిందికి దించడానికి అవేవీ అక్కర్లేదు. హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) ఒక పేజీ సర్క్యులర్ మీద సంతకం పెడితే చాలు. "ఈ బ్యాచ్ క్లాసులన్నీ కింది అంతస్తులో ఫలానా గదిలో జరుగుతాయి" అని. మీ మొదటి ఉత్తరం ఇదే కావాలి.

ఆ ఉత్తరంలో "క్లాసులు" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. సెమినార్లు, ఇంటర్నల్ పరీక్షలు, వైవా, కంప్యూటర్ ల్యాబు, అన్నీ పేరుపేరునా రాయండి. నా విషయంలో క్లాసులు దించారు, ఇంటర్నల్స్ మాత్రం పైనే పెట్టారు. పరీక్ష రోజు పొద్దున నోటీసు బోర్డు చూస్తే గాని తెలియలేదు. నలుగురు మోసుకెళ్లారు. పావుగంట పోయింది, చేతులు వణికాయి, ఆ పేపరు పాడైంది.

ఇక ర్యాంపు. దీనికో తేలిక లెక్కుంది. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ప్రభుత్వ ప్రమాణాల్లో ఉండే 1:12 వాలు అంటే అదే. ఈసారి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లి గుమ్మం నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కొలవండి. అన్ని అడుగుల ర్యాంపు ఉందా లేదా చూడండి. ముందు చక్రాలు లేచాయంటే ఉండదు, కొలవకముందే చెప్తున్నా. టేపు పెట్టి ఉండగానే ఫొటో తీసుకోండి.

అన్నిటికంటే ముందు బాత్రూమ్ చూసుకోండి. ర్యాంపు దగ్గర ఎవరైనా వచ్చి ఓ చెయ్యి వేస్తారు, అక్కడ వెయ్యలేరు కదా. తలుపు సందు ఎంతుందో కొలవండి. మామూలు మడత కుర్చీ 25, 26 అంగుళాల వెడల్పుంటుంది. చాలా హాస్టళ్లలో బాత్రూమ్ తలుపులు 24 అంగుళాలు కూడా ఉండవు. 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 35 అంగుళాలు ఉండాలి. లోపల కుర్చీ ఒక చుట్టు తిరగాలంటే అయిదడుగుల జాగా కావాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఆ జాగా కూడా తలుపే తినేస్తుంది. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చడం వడ్రంగికి ఒక పూట పని. కమోడ్ పక్కన గోడకి పట్టుకునే రాడ్డు, గడప తీసేయడం, ఇవీ చిన్న పనులే. "దివ్యాంగుల టాయిలెట్" అని బోర్డు కనపడగానే సంతోషపడకండి. తాళం ఎవరి దగ్గరుందో అడగండి. మా బ్లాకులో అందులో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు పెట్టేవాళ్లు.

జవాబు (ఇంకొకరు)

నా మాటకి ఎవరూ ఏమీ అనుకోవద్దు. అన్ని తిప్పలు పడేకంటే అమ్మగారు చెప్పిందే నయం కదా. డిగ్రీ ఏదైనా డిగ్రీయే.

జవాబు (పై వీల్‌చైర్ వాడినే)

ఆ అబ్బాయికి దూరవిద్యే ఇష్టమైతే సరే. కానీ మెట్లున్నాయని మానుకుంటే, ఆ మెట్లు అలాగే ఉంటాయి, సీటు మాత్రం పోతుంది. అక్కా, ఇంతకీ తమ్ముడేమంటున్నాడు?

అక్క

వెళ్తానంటున్నాడు. హాస్టల్లోనే ఉంటాడట. ఈ చర్చ వాడే చదివి నాకు వినిపిస్తున్నాడు. ఒక సందేహం. ఈ ఉత్తరాలన్నీ ఎవరి పేరున రాయాలి? రిజిస్ట్రార్‌కి ఒక్కటే రాస్తే సరిపోదా?

జవాబు (యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను)

సరిపోదమ్మా. ఒకే కాగితంలో అయిదు కోరికలు రాస్తే ఆ కాగితం అయిదు సెక్షన్లు తిరగాలి. ప్రతి సెక్షనూ "ఇందులో ఈ పాయింటు మాది కాదు" అని రాసి పక్క సెక్షన్‌కి పంపుతుంది. నేనూ అలా ఎన్ని పంపానో. ఒక్కో పనికి ఒక్కో ఉత్తరం పెట్టండి. గది మార్పు హెచ్ఓడీకి. కింది అంతస్తులో రూము, తోడు మనిషికి అనుమతి చీఫ్ వార్డెన్‌కి. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తే రాసిపెట్టే మనిషి) సంగతి కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి. ర్యాంపు, బాత్రూమ్ రిజిస్ట్రార్‌కి రాస్తే అక్కడి నుంచి ఇంజనీరింగ్ సెక్షన్‌కి వెళ్తుంది. అన్నిటి నకళ్లూ ఈక్వల్ ఆపర్చునిటీ సెల్‌కి (సమాన అవకాశాల విభాగానికి) ఇవ్వండి. ప్రతి ఉత్తరానికీ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) జిరాక్సు జత చేయండి. కార్డు ఇంకా రాకపోతే సదరం సర్టిఫికెట్ పెట్టండి.

ఉత్తరం చేతికిచ్చేసి వచ్చేయొద్దు. ఇన్‌వార్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట వేయించి, మీ కాపీ మీద నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. నంబరు లేని కాగితం ఆఫీసు లెక్కలో పుట్టనే లేదు.

"దయతలచి మా పేద కుటుంబాన్ని ఆదుకోగలరు" అని మాత్రం రాయకండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం అని మొదలుపెట్టండి. సెక్షన్ 16లో భవనాలు, క్యాంపస్, ఇతర సౌకర్యాలు అందరికీ అందుబాటులో ఉండాలని ఉంది. సెక్షన్ 17లో పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ ఉన్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు సెక్షన్ 32 ఇచ్చింది. మీవాడికి సీటు వచ్చింది దాని కిందే. సీటిచ్చి గదిలోకి దారివ్వకపోతే ఎలా అని గౌరవంగానే అడగొచ్చు.   పని జరగకపోతే మీ యూనివర్సిటీలో ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారి ఎవరని అడగండి. చెప్పకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. చాలామంది పని అంతదాకా పోకుండానే అవుతుంది. సెక్షన్ నంబర్లు రాసిన ఉత్తరాన్ని కింద పడేయడానికి గుమాస్తా కూడా వెనకాడతాడు.

జవాబు (చూపు లేని రీసెర్చ్ స్కాలర్‌ని)

పై పెద్దాయన మాటకి ఒకటి కలుపుతాను. భవనాల అందుబాటు నియమాలు సలహాల్లా ఉండి లాభం లేదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఆధారమైన నివేదిక తయారైంది హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలోనే. రిజిస్ట్రార్‌కి రాసే ఉత్తరంలో ఈ తీర్పు గురించి ఒక వాక్యం చేర్చండి.

పరీక్షల సంగతి. కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం అని ఉంది. అంటే మూడు గంటల పేపరుకి నాలుగు గంటలు. స్క్రైబ్ వద్దన్నా ఈ గంట వస్తుంది. తమ్ముడికి స్క్రైబ్ కావాలంటే, స్వయంగా రాయలేడని ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్ లేదా సివిల్ సర్జన్ స్థాయి వాళ్లతో సర్టిఫికెట్ ఇప్పించుకోండి. నమూనా ఆ మార్గదర్శకాల చివర్లోనే ఉంది. అదనపు సమయం, స్క్రైబ్ నియమాలు మారుతుంటాయి కాబట్టి ఎవరినైనా మాట్లాడుకునే ముందు కంట్రోలర్ ఆఫీసులో తాజా సర్క్యులర్ అడగండి.

స్క్రైబ్ ఉంటే చాలనుకోకండి. నోటితో చెప్పి రాయించడం వేరే విద్య. ఎక్కడ పేరా మార్చాలి, గ్రాఫు ఎలా గీయించాలి, ఇవి ముందే అలవాటవ్వాలి. ఎకనామిక్స్‌లో గ్రాఫులుంటాయి కదా. "డిమాండ్ రేఖ ఎడమవైపు పై నుంచి కుడివైపు కిందికి" అని చెప్పి గీయించడం ఇప్పటి నుంచే మీతో ప్రాక్టీసు చేయమనండి. నా మొదటి పరీక్షలో స్క్రైబ్‌కి ఆర్థికవేత్త "కీన్స్" స్పెల్లింగ్ చెప్పడానికే చాలాసేపు పట్టింది. నోట్సుకైతే ఫోన్లో వాయిస్ టైపింగ్ తెలుగులో కూడా బాగానే పనిచేస్తోంది. పాఠం రికార్డు చేసుకుంటానని ప్రొఫెసర్‌కి ముందు చెప్తే సరి.

చూపు లేని పిల్లల ఇళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన తెలుగు నోట్సు స్క్రీన్ రీడర్‌కి, అంటే తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి పనికిరాదు. కంటికి చక్కటి తెలుగే, మా చెవికి మాత్రం కామాలు, డాలర్లు. యూనికోడ్‌లో ఫైలు ఇమ్మని అడగండి. లేదంటే ప్రింటు తీసి, స్కాన్ చేసి ఓసీఆర్ పెట్టాలి, అంటే బొమ్మలోని అక్షరాలని మళ్లీ టెక్స్టుగా మార్చాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగు చదువుతుంది. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి.

అక్క (కొన్నాళ్ల తర్వాత)

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడు చేరాడు. నాలుగు ఉత్తరాలూ వాడే ఫోన్లో చెప్పి టైపు చేయించాడు, నేను తప్పులు దిద్దాను, నాలుగింటికీ ఇన్‌వార్డ్ నంబర్లు తీసుకున్నాం. హెచ్ఓడీ గారు మూడో రోజే క్లాసులు కిందికి మార్చారు. ముందే అడిగి ఉంటే మొదటి రోజు నుంచే ఇచ్చేవాణ్ని కదా అన్నారు. మనసున్న మనిషే, ఆఫీసులో మా సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. వార్డెన్ కింద రూమిచ్చారు, నాన్న నెలరోజులు తోడుండటానికి ఒప్పుకున్నారు. బాత్రూమ్ తలుపు బయటికి తిప్పారు, రాడ్డు బిగించారు.

ర్యాంపు మాత్రం తేలలేదు. మా టేపుకి గుమ్మం 22 అంగుళాలు, ర్యాంపు తొమ్మిదడుగులు. ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి వచ్చినాయన తన టేపుతో 21 అని తేల్చాడు. "సరే సార్, 21 అడుగులే కట్టండి" అన్నాడు మావాడు. ఆయనకి నవ్వొచ్చింది, రాసుకుని వెళ్లాడు. అప్పటిదాకా ఎక్కేటప్పుడు ఇద్దరు, దిగేటప్పుడు కుర్చీ వెనక్కి తిప్పి మెల్లగా. ర్యాంపుకి అడ్డంగా బైకులు పెట్టకుండా తోటి పిల్లలే సుద్దతో గీత గీశారు.

ఇవాళ ఇంటర్నల్స్ టైమ్ టేబుల్ పెట్టారు. గది నంబరు 112. మొదటి అంతస్తు!

జవాబు (వీల్‌చైర్ వాడిని)

చెప్పానా! కొత్త ఉత్తరం మొదటి నుంచి రాయకండి అక్కా. పాత ఉత్తరం ఇన్‌వార్డ్ నంబరు, తేదీ పైన వేసి, అందులో "ఇంటర్నల్ పరీక్షలు" అన్న లైను కింద గీత గీసి, రేపు పొద్దున హెచ్ఓడీ గారికి, పరీక్షల ఇన్‌ఛార్జికి చెరొకటి ఇవ్వండి. సాయంత్రంలోగా గది మారకపోతే ఇక్కడ చెప్పండి.