మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌ను పెన్ స్టేషన్ నెత్తిమీద నుంచి కదిలించాలా?

మెట్రోపార్క్ వాసి:
న్యూయార్క్‌లో పెన్ రైల్వే స్టేషన్ మీదే కట్టిన ఆటల, కచేరీల భవనం మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అది అక్కడే నడిచేందుకు నగర కౌన్సిల్ 2023 సెప్టెంబరులో ఇచ్చిన ప్రత్యేక అనుమతి అయిదేళ్లకే పరిమితం కనుక, 2028లో ఈ తగవు మళ్లీ మొదటికి వస్తుంది. 1963లో యాభై ఏళ్లు, 2013లో పదేళ్లు, ఇప్పుడు అయిదేళ్లు. గడువు కుదించుకుపోతున్న తీరే కౌన్సిల్ మనసులోని మాట చెబుతోంది. నా మట్టుకు, అది కదలాలనే అంటాను. న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్ పరిసరాల నుంచి మాన్‌హటన్‌కు రైల్లో ఉద్యోగానికి వెళ్లే మన తెలుగువాళ్లకు ఆ ప్లాట్‌ఫారాలు కొత్త కావు. అసలే ఇరుకు, ఆపైన గార్డెన్ బరువు మోసే స్తంభాలు, వాటి పక్కనే మెట్లు. దిగినవాళ్లు పైకి రావాలి, ఎక్కేవాళ్లు కిందికి పోవాలి, స్తంభానికీ పట్టాల అంచుకూ మధ్య మిగిలిన జాగాలో ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. కోవిడ్‌కు ముందు రోజుకు దాదాపు ఆరు లక్షల మంది వాడిన స్టేషన్ ఇది. 1910లో తెరిచిన పాత భవనాన్ని 1963 నుంచి కూల్చి, 1968లో ఈ గుండ్రటి కట్టడాన్ని తెరిచినప్పుడు వెలుతురు పోయింది, స్తంభాలు మిగిలాయి.

నీలం జెర్సీ:
మెట్రోపార్క్ వాసి గారూ, స్తంభాల సంగతి కాదనను. అయితే ఒక రాత్రి ఆటకు ఇరవై వేల మంది దాకా వచ్చి, అందులో అధిక భాగం కారు ముఖం చూడకుండా ఇల్లు చేరుతున్నారంటే, అది స్టేషన్ మీద ఉండబట్టే కదా! ఊరి బయట స్టేడియం కట్టి, దాని చుట్టూ ఎకరాల కొద్దీ పార్కింగ్ పరిచే పద్ధతి కంటే ఇది మేలు కాదా? ఇక జ్ఞాపకాల విలువ వేరు. గాయపడిన కాలితో కుంటుతూ వచ్చిన విల్లిస్ రీడ్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు మొదటి రెండు బాస్కెట్లు వేసింది 1970 మే 8న ఇక్కడే. బాక్సర్లు అలీ, ఫ్రేజియర్ 15 రౌండ్లు తలపడింది 1971 మార్చి 8న ఇక్కడే. అదే ఏడాది ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ బృందం శ్రుతి చేసుకుంటుంటే, అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టిందీ ఇక్కడే.

పన్నుల పద్దు:
1982 నుంచి ఈ కట్టడానికి ఆస్తి పన్ను లేదు. నిక్స్, రేంజర్స్ (ఐస్ హాకీ) జట్లు నగరం దాటిపోతాయన్న భయంతో ఇచ్చిన మినహాయింపు అది. ఆ భయం తీరి ఎన్నాళ్లయిందో గానీ మినహాయింపు మాత్రం తీరలేదు. కదిలించే మాట తర్వాత, ముందు దీన్ని తేల్చాలి.

మెట్రోపార్క్ వాసి:
నీలం జెర్సీ గారూ, రైలు దగ్గర ఉండటం వేరు, రైలు మీద కూర్చోవడం వేరు. వీధి దాటితే చేరేంత దూరంలో ఉన్నా మీరు చెప్పిన లాభం పోదు. పైగా ఇది ఆ పేరున్న నాలుగో భవనం. 1879లోను, 1890లోను కట్టినవి మాడిసన్ స్క్వేర్ దగ్గర ఉండేవి, 1925 నాటిది 50వ వీధికి వెళ్లింది. పేరు అప్పుడూ చెడలేదు. (ఇప్పుడున్నచోట మాడిసన్ స్క్వేరూ లేదు, తోటా లేదు.) సరుకు మాటా చూడండి. ఆట జరిగే నేల అయిదో అంతస్తులో ఉంది, పెద్ద లారీలు అక్కడిదాకా ఎక్కలేవు. కచేరీ ఉన్న రోజు సామాను దించే లారీలు పక్క వీధుల్లోనే బారులు తీరుతాయి.

నీలం జెర్సీ:
వీధి దాటితే అన్నారు కనుక అడుగుతున్నాను, ఆ స్థలం ఏది? ఎనిమిదో అవెన్యూకు అవతల ఉన్న ఫార్లీ తపాలా భవనం వెనుక భాగానికి మారే ప్రతిపాదన ఒకటి ఉండేది. 2008లో గార్డెన్ యాజమాన్యం దాని నుంచి తప్పుకుని, ఉన్నచోటనే 2011-13 మధ్య సుమారు వంద కోట్ల డాలర్లతో బాగుచేసుకుంది. ఫార్లీ భవనంలో 2021 జనవరి 1న పెన్ స్టేషన్‌కు పొడిగింపుగా మొయినిహాన్ రైలు హాలు తెరిచారు.

మెట్రోపార్క్ వాసి:
అక్కడ మీ మాటే నెగ్గింది. చేతిలో ఉన్న చోటు జారిపోయింది. గాజు కప్పు కింద ఆ హాలు అందంగానే ఉంది. అయితే అక్కడి నుంచి ఎస్కలేటర్ దిగి తూర్పు వైపు నడిస్తే చాలు, అదే ప్లాట్‌ఫారం మీద మళ్లీ ఆ స్తంభాలే ఎదురవుతాయి.