గోరంట్ల ప్లాటు అమ్మి డాలస్‌లో అబ్బాయి ఇంటికి డబ్బు పంపాలి: ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలి?

బ్రాడీపేట తండ్రి
అందరికీ నమస్కారమండీ. మా అబ్బాయి, కోడలు హెచ్-1బీ మీద డాలస్‌లో ఉంటున్నారు. సెలీనా వైపు కొత్త వెంచర్‌లో నాలుగు బెడ్రూముల ఇల్లు మాట్లాడుకున్నారు. ధర 5.5 లక్షల డాలర్లు, బిల్డర్ ఇంకా పునాది పొయ్యలేదు. డౌన్ పేమెంటుకి మా వంతు 60 లక్షలు పంపుదామని గుంటూరు గోరంట్లలో ప్లాటు బేరం పెట్టాం. 2009లో కొన్నది, నా ఒక్కడి పేరు మీదే ఉంది. టాక్స్ ఎక్కడెక్కడ పడుతుంది? ఆ ఇంటి కాగితాల్లో మా దంపతుల పేర్లు కూడా పెట్టిస్తానంటున్నాడు, పెట్టించమంటారా? అమెరికా బిల్డర్ కదా, పని నాణ్యత గురించి బెంగ అక్కర్లేదంటాడు. నిజమేనా?

లబ్బీపేట సీఏ
సార్, ముందు పేర్ల సంగతి. పెట్టించొద్దు. అక్కడి పౌరులూ నివాసులూ కాని వాళ్లకి అమెరికాలో ఉన్న ఆస్తి మీద ఎస్టేట్ టాక్స్ (మనిషి పోయాక ఆస్తి మీద పడే పన్ను) మినహాయింపు 60 వేల డాలర్లే, ఈ పన్ను మీద ఇండియాతో ఒప్పందం కూడా లేదు. రేపు ఇల్లు అమ్మితే మీ వాటా ధరలో 15 శాతం కొనేవాళ్లు పట్టుకుని అక్కడి ప్రభుత్వానికి కట్టాలి. పైగా ఇక్కడ ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. మరిచిపోతే 10 లక్షల జరిమానా పడొచ్చు. ప్రేమతో పెట్టే పేరుకి ఇంత తద్దినం ఎందుకు? డబ్బు గిఫ్ట్‌గా ఇచ్చెయ్యండి, ఇల్లు వాళ్ల పేరునే ఉంచండి.

పంపడానికి దారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు పథకం. ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కాబట్టి పరిమితి మీకు అడ్డం కాదు. అడ్డం టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను. ఒక పాన్ మీద సంవత్సరానికి 10 లక్షలు దాటిన మొత్తానికి 20 శాతం బ్యాంకు వసూలు చేస్తుంది. 60 లక్షలూ మీరొక్కరే పంపితే 10 లక్షలు కట్ అవుతుంది. మీరూ మీ శ్రీమతీ చెరి 30 పంపితే 8 లక్షలు. మార్చిలో చెరి 15, ఏప్రిల్లో చెరి 15 పంపితే మొత్తం కలిపి 4 లక్షలే. ఇది 60కి అదనంగా ఖాతాలో ఉండాలి. చాలామంది ఇది లెక్కేసుకోక చివర్లో కొడుకుని అప్పు చెయ్యమంటారు.

టీసీఎస్ పోయే డబ్బు కాదు, మీ పన్నులో సర్దుబాటవుతుంది. ప్లాటు లాభం మీద ఎలాగూ కట్టాలి. 2024 జులై 23 కంటే ముందు కొన్నది కాబట్టి 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ధరల పెరుగుదల మేరకు పెంచి లెక్కేస్తే) 20 శాతం, ఏది తక్కువైతే అది. అమ్మకమూ పంపడమూ ఒకే ఆర్థిక సంవత్సరంలో జరిగితే మీ పాన్ మీద కట్టయిన టీసీఎస్ ఆ పన్నుకే చెల్లిపోతుంది. శ్రీమతి పాన్ మీద కట్టయింది మాత్రం ఆవిడ రిటర్న్ వేసి రీఫండ్ కోసం ఆగాల్సిందే. అందుకని కళ్లు మూసుకుని సగం సగం చెయ్యకుండా, ముందు మీ లాభం పన్ను ఎంతో తేల్చి, అంత టీసీఎస్ మీ పాన్ మీదే పడేలా పంచుకోండి. ప్లాటు అమ్మి ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉందిగా అంటారు. ఆ ఇల్లు ఇండియాలో ఉంటేనే.

బ్యాంకులో ఎ2 ఫారం (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు నింపేది) దగ్గర కాస్త నిలబడండి. కౌంటర్లో "ఇంటికోసం" అనగానే పర్పస్ కోడ్ ఎస్0005 వేసేస్తారు, అది విదేశంలో మీరే స్థిరాస్తి కొంటున్నట్టు. మీకు కావాల్సింది ఎస్1302, వ్యక్తిగత బహుమతి. డాలరు రేటు కూడా బోర్డు మీదున్నదే తీసుకోకుండా ట్రెజరీ రేటు (పెద్ద మొత్తాలకి బ్యాంకు విడిగా ఇచ్చే రేటు) అడగండి. 60 వేల డాలర్ల మీద రూపాయి తేడా అంటే 60 వేల రూపాయలు.

పటమట టు ప్లేనో
అక్కడి సంగతులు నేను చెప్తాను. 2025 మే 25 నుంచి హెచ్-1బీ వాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోను (అక్కడి ప్రభుత్వ హామీ ఉండే ఇంటి లోను) లేదు, కన్వెన్షనల్ లోను (ఆ హామీ లేని మామూలు లోను) ఒక్కటే. 20 శాతం, అంటే 1.1 లక్షల డాలర్లు కట్టకపోతే నెలనెలా పీఎంఐ (లోను ఇచ్చినవాళ్ల రక్షణకి కట్టే బీమా) పడుతుంది. గిఫ్ట్ డబ్బుకి లెండర్ (లోను ఇచ్చే సంస్థ) గిఫ్ట్ లెటర్ అడుగుతాడు. ఇచ్చేవాళ్ల పేరు, బంధుత్వం, మొత్తం, తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట అందులో ఉండాలి. దానికి తోడు మీ ఖాతా నుంచి అబ్బాయి ఖాతాకి వెళ్లిన వైర్ రసీదు. సాధారణంగా రెండు నెలల స్టేట్‌మెంట్లే చూస్తారు కాబట్టి క్లోజింగ్‌కి (ఇల్లు చేతికొచ్చే తుది సంతకాలకి) మూడు నెలల ముందే డబ్బు చేరితే ప్రశ్నలు తక్కువ. ఒక క్యాలెండర్ సంవత్సరంలో మీ ఇద్దరి నుంచీ వచ్చింది లక్ష డాలర్లు దాటితే అబ్బాయి అక్కడి పన్నుల శాఖకి 3520 ఫారం వెయ్యాలి. పన్నేమీ ఉండదు, వెయ్యకపోతే జరిమానా మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఇక నాణ్యత. బెంగ పెట్టుకోవాల్సిందే. అక్కడిది మన నల్లరేగడి లాంటి నేలే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందుకే పునాది కేబుళ్లు బిగించిన పోస్ట్ టెన్షన్ స్లాబ్‌గా పోస్తారు. సిటీ ఇన్‌స్పెక్టర్ కోడ్ కనీసాలు చూసి వెళ్లిపోతాడు, కాబట్టి సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోవాలి. కాంక్రీట్ పోసే ముందు ఒకసారి: కేబుళ్లు చైర్ల (వాటిని నేలకి ఆనకుండా ఎత్తి ఉంచే దిమ్మల) మీద నిలబడ్డాయా, కింద ప్లాస్టిక్ షీటు చిరిగిందా, బీమ్ గుంటల్లో నీళ్లూ బురదా ఉన్నాయా. డ్రైవాల్ (గోడలకి లోపలివైపు బిగించే జిప్సం పలకలు) కొట్టే ముందు ఒకసారి: వైర్లు, పైపులు, కిటికీల చుట్టూ నీరు దిగకుండా వేసే ఫ్లాషింగ్. ఆ తర్వాత ఇవి ఏ జన్మకీ కనపడవు. తాళాలు తీసుకునే ముందు మూడోసారి, మొదటి ఏడాది వారంటీ ముగియక ముందు 11వ నెలలో నాలుగోసారి. బయటి ఇన్‌స్పెక్టర్‌ని రానిస్తామని సంతకానికి ముందే రాయించుకోమనండి. ఇంటి చుట్టూ నేల మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు బయటికి వాలాలి. వంటింట్లో పొగగొట్టం నిజంగా ఇంటి బయటికి వెళ్తోందా, ఫిల్టర్‌లోంచి మళ్లీ గదిలోకే వదులుతోందా చూడమనండి. రెండో రకమైతే తాలింపు పెట్టిన ప్రతిసారీ పై బెడ్రూము దాకా ఘాటే.

నెలవారీ కిస్తు లెక్కలో మోసపోయేది ప్రాపర్టీ టాక్స్ దగ్గర. కొత్త వెంచర్లలో ఎంయూడీ, పీఐడీ (నీళ్లు, రోడ్ల లాంటి వసతుల ఖర్చుకి వేసే అదనపు పన్నులు) కలిపి 2 నుంచి 2.5 శాతం దాకా ఉండొచ్చు. 2.2 శాతమైతే ఏడాదికి 12,100 డాలర్లు. జనవరి 1 నాటికి ఇల్లు లేవకపోతే ఆ ఏడాది ఖాళీ స్థలానికే పన్ను వేస్తారు కాబట్టి మొదట కిస్తు తక్కువ కనిపిస్తుంది, మరుసటేడు నెలకి వందల డాలర్లు పెరుగుతుంది. చేరగానే కౌంటీ అప్రైజల్ ఆఫీసులో హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికి పన్ను రాయితీ) దరఖాస్తు వెయ్యాలి, స్కూల్ పన్ను లెక్కేసే ఇంటి విలువలో 1.4 లక్షల డాలర్లు తగ్గుతుంది. డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త ఇంటి అడ్రసు ఉండాలి.

బ్రాడీపేట తండ్రి
చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. కొనేవాళ్లు డాక్యుమెంటు 49 లక్షలకి రాద్దాం, మిగతాది నగదిస్తామంటున్నారు. ఇంకోటి, తూర్పు ముఖం ప్లాటుకి బిల్డర్ ఎక్కువ అడుగుతున్నాడట.

లబ్బీపేట సీఏ
49 ఎందుకో తెలుసుగా? 50 లక్షలైతే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కట్ చెయ్యాలి. అయితే ప్రభుత్వం కట్టిన రిజిస్ట్రేషన్ విలువ 50 దాటినా కట్ చెయ్యాల్సిందే, కాబట్టి ఆ తెలివి పనిచెయ్యదు. స్థలం అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా. అన్నిటికంటే ముఖ్యం, ఆ నగదు డాలస్ చేరే దారే లేదు. ఎల్‌ఆర్‌ఎస్‌కి బ్యాంకు ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే మీరు చూపించేది సేల్ డీడే. మొత్తం ఖాతాలోకి వేసే కొనుగోలుదారు దొరికేదాకా అడ్వాన్సు తీసుకోవద్దు.

పటమట టు ప్లేనో
తూర్పుకి అడిగేదాన్ని లాట్ ప్రీమియం అంటారు. మనవాళ్లు ఎగబడతారని వాళ్లకీ తెలుసు. అది బేరమాడే అంశమే, నెలాఖరున అడగమనండి. ధర తగ్గించకపోయినా క్లోజింగ్ ఖర్చుల్లో సర్దుతారు.